పాత శివా, కొత్త శివా? వర్మను వర్మ పక్కనే నిలబెట్టి చూస్తే

2025 నవంబరు 14న ‘శివ’ 4కేలో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచీ నన్ను కలిసినవాళ్ళు అడిగేది ఒకటే. వాళ్ళలో చాలామంది ఆ సినిమా మొదటిసారి విడుదలైన 1989 అక్టోబరు నాటికి ఇంకా పుట్టలేదు. వాళ్ళకు తెలిసిన రాంగోపాల్ వర్మ ట్వీట్ల వర్మ, ఇంటర్వ్యూల వర్మ, ఎన్నికల ముందు రాజకీయ సినిమాలు వదిలే వర్మ. శివ చూసి బయటికొచ్చి ‘‘ఇది తీసింది ఈయనేనా?’’ అంటున్నారు. వెంటనే రెండో ప్రశ్న: ‘‘మరి ఆ సరుకంతా ఏమైపోయింది?’’ మా వయసువాళ్ళ ప్రశ్నలో ఇంకాస్త చేదు ఉంటుంది: ‘‘అసలు ఎప్పుడైనా ఉందా, మనమే ఎక్కువ ఊహించుకున్నామా?’’

ఇలాంటి వాదన వేరే దర్శకుడి గురించైతే తెగదు. పాత సినిమా ఒక రకం, కొత్త సినిమా ఇంకో రకం, కాలం మారింది, ప్రేక్షకుడు మారాడు అని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు. వర్మ దగ్గర మాత్రం మనకో వీలుంది. తన సినిమాలను తనే మళ్ళీ తీశాడు. 1989లో శివ, 2006లో హిందీలో కొత్త శివ. 1998లో సత్య, 2013లో సత్య 2. 1992లో రాత్రి, 2003లో భూత్. ముడిసరుకు అదే, మనిషి అతనే, మధ్యలో పది పదిహేనేళ్ళు. పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏం పోయిందో, ఎక్కడ పోయిందో కనబడకుండా ఉండదు.

అంతకంటే ముందు ఒక వాదనను తప్పించాలి. ‘‘వర్మకు సొంతదనం ఎప్పుడేడిసింది, అన్నీ హాలీవుడ్ నుంచి ఎత్తినవేగా’’ అంటారు కొందరు, ఏదో గుట్టు రట్టు చేసినట్టు. ఆ గుట్టు మొదట విప్పింది వర్మే. బ్రూస్ లీ సినిమాలో రౌడీలు హోటల్ మీద పడితే, తను హోటల్ తీసేసి కాలేజీ పెట్టానని చాలాసార్లు చెప్పుకున్నాడు. సర్కార్ అయితే మొదలవడమే గాడ్‌ఫాదర్‌కు దణ్ణం పెట్టి మొదలవుతుంది. అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన మనిషి కథలు ఎక్కడి నుంచి తెస్తాడు మరి? కథ అరువుదైతే సొంతదనం లేనట్టేనని తీర్మానిస్తే మన సినిమాలో మిగిలేది నలుగురో ఐదుగురో. బ్రూస్ లీ సినిమాలో లేనిది శివలో ఏముంది అన్నదే నాకు కావలసిన ప్రశ్న. దానికి జవాబు విజయవాడ. సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రోజుల్లో చుట్టూ చూసిన విద్యార్థి గొడవలు, గ్రూపులు, వాటి వెనక కాలేజీకి సంబంధం లేని పెద్దమనుషుల నీడ. కథ హాంకాంగ్‌దే కావచ్చు, భయం మాత్రం బెజవాడది.

భయం అన్నమాట ఊరికే వాడలేదు. దాని చుట్టూనే ఇక మిగిలిందంతా.

మొదటి జంట: శివ, శివ

1989 శివలో అందరూ సైకిల్ చెయిన్ గురించే మాట్లాడతారు. నేనూ మాట్లాడతాను. కానీ ఆ చెయిన్ లాగే ముందు ఏం జరుగుతుందో గుర్తుందా? జేడీ అనే వాడికి కాలేజీలో ఎంత చెల్లుతుందో మనకు ముందే తెలిసిపోతుంది. వాడి వెనక భవానీ అనే పెద్ద రౌడీ ఉన్నాడని తెలుసు. నాగార్జున పాత్ర అన్న ఇంట్లో ఉండి చదువుకునే మామూలు కుర్రాడు. చేతిలో ఆయుధం లేదు, వెనక మనిషి లేడు. ఎదురుగా స్టాండులో సైకిళ్ళున్నాయి, అంతే. అందుకే చెయిన్ పట్టుకుని లాగాడు. లాగినవాడి చెయ్యి ఎంత మండి ఉంటుందోనని మనకు అనిపిస్తుంది చూడండి, ఆ అనిపించడం అంతకు ముందు మన ఫైట్లలో లేదు. అప్పటిదాకా హీరో కొడితే ‘డిష్యుం’, విలన్ గాల్లోకి. శివలో దెబ్బ తగిలితే ఎముకకు తగిలినట్టు వినబడింది.

తర్వాత సైకిల్ మీద అన్న కూతుర్ని కూర్చోబెట్టుకుని శివ సందుల్లో పడి పారిపోయే ఘట్టం. స్టెడీకామ్ అనగానే సినిమా వాళ్ళందరూ ఆ ఘట్టమే చూపిస్తారు. కెమెరా అదరకుండా పరిగెత్తడం అప్పటికి కొత్తే. కానీ మన గుండె దడకు కారణం కెమెరా నడక కాదు, అది ఉన్న చోటు. సైకిల్ మీద, పాపతో పాటు మనమూ ఉన్నాం. వెనక కారొస్తోంది. హీరో ఆగి తిరగబడి కొట్టేయడు, పారిపోతాడు! చంకలో పిల్ల ఉన్నవాడు ఎవడైనా పారిపోతాడు. 1989లో ఒక తెలుగు హీరో అలా పారిపోవడం, అదే సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం కావడం... దీన్ని ఎక్కడి నుంచి ఎత్తాడో చెప్పమనండి.

భవానీ సంగతి. రఘువరన్ పెద్దగా అరవడు. ఎక్కువసేపు తెర మీద ఉండడు కూడా. అతని మనుషులు అతని గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తే చాలు మనకు. తనికెళ్ళ భరణి మాటలు రాసి, నానాజీగా తనే నటించి, రౌడీకి ఒక మామూలు మనిషి యాస, మామూలు మనిషి తెలివి ఇచ్చాడు. రౌడీ కూడా తన పై రౌడీకి భయపడతాడన్నది మన తెరకు అప్పటికి కొత్త సంగతి.

ఇప్పుడు 2006 శివ. (1990లో నాగార్జునతోనే వచ్చిన హిందీ శివ వేరు, అది తెలుగుదే మళ్ళీ తీసింది.) ఇందులో హీరో మోహిత్ అహ్లావత్, ఊరు ముంబై. సంగీతం మళ్ళీ ఇళయరాజాదే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వర్మ ఒక్క మార్పు చేశాడు: విద్యార్థి పోలీసు అయ్యాడు.

ఆ ఒక్కదానితో మొత్తం కూలిపోయింది. చెయిన్ లాగిన కుర్రాడికి వెనక ఏమీ లేదు కాబట్టే అది తెగింపు. యూనిఫాం వేసుకున్నవాడు రౌడీని కొడితే అది డ్యూటీ. బదిలీ చేస్తారు, సస్పెండ్ చేస్తారు, పై అధికారి తిడతాడు, ఇవన్నీ మనం ఎన్ని పోలీసు సినిమాల్లో చూడలేదు? శివను శివ చేసింది ఏమిటో దాన్ని తీసినవాడికే తెలియలేదా అనిపిస్తుంది. లేదా తెలిసీ, అది ఇక ఆసక్తిగా తోచలేదేమో. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఎందుకో కాసేపట్లో.

ఇదే జంటకు తోకలా 2018లో ఆఫీసర్ వచ్చింది. మళ్ళీ నాగార్జున, మళ్ళీ ఒక చిన్న పాప, మళ్ళీ పోలీసు. శివ, అంతం, గోవింద గోవింద తర్వాత ఇద్దరూ కలిసి చేసిన నాలుగోది. దాని గురించి చెప్పడానికి ఇంతకంటే లేదు.

ఏది మేలు అని ఈ జంటలో అడగడం కూడా దండగే. కానీ ఎందుకు మేలు అన్నది మాత్రం మిగతా జంటలకు తాళంచెవి.

రెండో జంట: సత్య, సత్య 2

నన్నడిగితే వర్మ శిఖరం శివ కాదు, సత్య. (క్షణ క్షణం అభిమానులు కొట్టడానికి రాకండి, అక్కడికీ వస్తాను.)

1997 ఆగస్టులో టీ-సిరీస్ పాటల కంపెనీ అధినేత గుల్షన్ కుమార్ హత్య వార్త విన్నప్పుడు వర్మకు వచ్చిన ఆలోచన ఒకటి ఆయనే చెప్పాడు: ఆ పొద్దున చంపడానికి వెళ్ళినవాడు టిఫిను ముందు తిన్నాడా, చంపొచ్చాక తిన్నాడా? పత్రికల్లో చచ్చినవాడి దినచర్య అంతా ఉంది, చంపినవాడి దినచర్య ఎక్కడా లేదు. సత్య అంతా ఆ టిఫిను ప్రశ్నే. గ్యాంగు నడిపే భీకూ మాత్రే ఇంట్లో పెళ్ళాంతో కొట్లాడతాడు, ఆవిడ తిరిగి కొడుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. కల్లూ మామ తాగి పాట పాడతాడు. వీళ్ళు హంతకులు. మనం వాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాం.

అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా రాశారు. సౌరభ్ శుక్లాయే కల్లూ మామ. ఛాయాగ్రహణం మొదలుపెట్టింది అమెరికా నుంచి వచ్చిన జెరార్డ్ హూపర్, పూర్తి చేసింది మజహర్ కమ్రాన్. ముంబై వానను, చాలీల (ఇరుకు గదుల అద్దె భవనాల) మెట్లను, తడిసిన గోడలను అంతకు ముందు హిందీ సినిమా అలా చూడలేదు. మనోజ్ బాజ్‌పేయికి జాతీయ అవార్డు వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే.

నేను ఆగేది థియేటర్ ఘట్టం దగ్గర. సత్య, విద్య సినిమాకు వెళ్తారు. హాల్లో ‘బార్డర్’ ఆడుతోంది. పోలీసులకు కబురు అందుతుంది. తలుపులన్నీ మూయించి ఒక్కటే తెరిచి పెడతారు, ఒక్కొక్కర్నీ చూసి పంపుదామని. లోపల సత్యకు విషయం అర్థమవుతుంది. పక్కన విద్య ఉంది, ఆమెకు ఇతను ఎవరో తెలియదు. సత్య తుపాకి పేలుస్తాడు, తొక్కిసలాట మొదలవుతుంది, జనం చచ్చిపోతారు. ఇందులో హీరోయిజం చుక్క కూడా లేదు. తను బయటపడటానికి, తనెవరో విద్యకు తెలియకుండా ఉండటానికి అమాయకుల్ని బలిపెట్టాడు మన హీరో. అయినా ఆ కొద్ది నిమిషాలు మన అరచేతుల్లో చెమట పట్టేది అతని కోసమే. ఎందుకంటే కెమెరా అతని పక్క సీట్లో కూర్చుంది. భయపడుతున్నవాడి పక్కన.

సత్యలో చంపేవాళ్ళందరూ భయపడుతూనే ఉంటారు. భీకూకి రాజకీయాల్లోకి దిగిన తన పెద్ద భావూ అంటే లోపల్లోపల గుబులు, భావూకి ఎన్నికలంటే గుబులు, పోలీసులకు రోడ్డు మీద ఏ మలుపులో ఎవడు కాలుస్తాడోనని గుబులు. అందుకే చావు ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. సినిమాలో ముఖ్యమైన చావులన్నీ ఊహించని క్షణంలో వచ్చిపడతాయి.

సత్య 2 తెలుగులో శర్వానంద్‌తో, హిందీలో పునీత్ సింగ్ రత్న్‌తో వచ్చింది. ఆలోచన వింటే బాగుంటుంది: ఎవరికీ ముఖం కనబడని మాఫియా, ఒక కార్పొరేట్ కంపెనీలా నడిచే మాఫియా. హీరోకి ఒక సిద్ధాంతం ఉంది, పథకం ఉంది. ఎదుటివాడికి దాన్ని వివరిస్తూ ఉంటాడు, మనకీ వివరిస్తూ ఉంటాడు. అతనికి భయం లేదు. ఎక్కడా తడబడడు. అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరుగుతాయి. తొలి సత్యకు సిద్ధాంతం లేదు, గతం కూడా లేదు. బార్‌లో పనిచేస్తుంటే మామూలు అడిగారు, ఇవ్వనన్నాడు, జైలుకు పోయాడు, అక్కడ భీకూ కలిశాడు. జరుగుతూ పోయింది. రెండో సత్య అన్నీ జరిపిస్తాడు. తొలి సత్య మనలో ఒకడు, రెండో సత్య వర్మ ఇంటర్వ్యూల్లో ఒకడు.

సత్య 2 ఎవరినీ కాపీ కొట్టలేదు. కథాపరంగా చూస్తే వర్మ తీసిన ‘సొంత’ ఆలోచనల్లో అదొకటి. సత్యకు ముందు వచ్చిన మాఫియా సినిమాలు, దేశీవీ విదేశీవీ, బోలెడు. అయినా సత్య చూస్తే కొత్తగా ఉంటుంది, సత్య 2 చూస్తే ఎక్కడో చూసినట్టుంటుంది. సొంతదనం కథలో వెతికేవాళ్ళు ఈ జంటకు జవాబు చెప్పాలి.

ఇక క్షణ క్షణం. 1991లో వచ్చింది, దాన్ని వర్మ మళ్ళీ తీయలేదు కాబట్టి జంట లేదు. అందులో శ్రీదేవి పాత్ర పేరు సత్య అని ఎంతమందికి గుర్తుంది? వర్మ తెర మీదికి తెచ్చిన మొదటి సత్య ఆవిడే. సినిమా మొదలు నుంచి చివరిదాకా ఆవిడ చేసేది ఒక్కటే, భయపడటం. అడవిలో భయం, పోలీసులంటే భయం, పక్కనున్న చందూ (వెంకటేశ్) అంటే భయం. అంత భయాన్నీ నవ్వు చేసి చూపించాడు. నవ్విస్తున్నప్పుడు కూడా కెమెరా ఆవిడను వదిలి విలన్ పరేశ్ రావల్ వైపు వెళ్ళి నిలబడలేదు. ‘‘జామురాతిరి జాబిలమ్మ’’ జోలపాటే కదా. భయపడి నిద్రపట్టని మనిషికి పాడినది.

మరి రంగీలాలో భయం ఏదని ఒకరు అడిగారు. మున్నా (ఆమిర్ ఖాన్) పసుపు బట్టలేసుకుని స్టార్ హోటల్‌కి వెళ్తాడే, అక్కడ చూడండి. మిలి (ఊర్మిళ) చేజారిపోతుందేమోనన్న బెంగ, తన బతుకు ఆ హోటల్‌కి సరిపోదన్న సిగ్గు, ఆ డాబంతా వాటిని కప్పుకోవడానికే.

మూడో జంటలో తీర్పు తారుమారు

వర్మ రాను రాను దిగజారిపోయాడనేవాళ్ళు దాటేసే జంట ఇది. 1992 రాత్రి, 2003 భూత్. ఇక్కడ రెండోదే మేలు అంటాను.

రాత్రిలో రేవతి అద్భుతంగా చేసింది. తర్వాత దర్శకుడైన తేజ కెమెరా. ఎవరో మన వెనకే నేల మీద పాకుతూ వస్తున్నట్టు ఉండే ఆ షాట్లు ఇప్పటికీ పనిచేస్తాయి. పిల్లి, ఇంటి కింద నేలమాళిగ, ఓం పురి మంత్రాలు. కానీ రెండో సగంలో అన్నీ వివరించడం మొదలయ్యాక పట్టు సడలిపోతుంది. దెయ్యం సినిమాలకు అలవాటైన సామాన్లన్నీ వచ్చి చేరతాయి.

భూత్‌లో ఆ సామాన్లు బాగా తగ్గాయి. పాటలు లేవు. పాత బంగళా లేదు. ముంబైలో పెద్ద అపార్టుమెంటు, కొత్తగా దిగిన జంట, లిఫ్టు, వాచ్‌మన్. దెయ్యం పట్టింది ఊర్మిళకే అయినా సినిమా సగం అజయ్ దేవగణ్‌ది. భార్యకు ఏమవుతోందో తెలియక, డాక్టరును నమ్మాలా మంత్రగత్తెను నమ్మాలా తేల్చుకోలేక నలిగిపోయే భర్త. మంచం మీద తన పక్కన పడుకున్న మనిషంటేనే భయం, ఆ మనిషి కోసమే భయం. రెండూ కలిసిపోయి ఉంటాయి. రాత్రి తీసిన పదకొండేళ్ళకు కూడా వర్మకు కొత్తగా చూపించడానికి ఒకటి దొరికింది. మళ్ళీ తీయడం తప్పేం కాదనడానికి ఇదే సాక్ష్యం. 2003 దాకా కెమెరా తన చోటు వదలలేదనడానికి కూడా.

ఆ తర్వాత వచ్చిన ఫూంక్‌లు, ఐస్‌క్రీమ్‌లు వరసగా చూడాల్సిన పనిలేదు. 2014లో ఐస్‌క్రీమ్ గురించి చెప్పిందల్లా ఫ్లోకామ్ అనే కొత్త కెమెరా పరికరం గురించే. శివ వచ్చినప్పుడు జనం స్టెడీకామ్ పేరు విని వెళ్ళలేదు, ఆ పాప కోసం పడిన కంగారు గుర్తుండి వెళ్ళారు.

ఎప్పుడు మారింది?

నా లెక్కలో 2005, సర్కార్. ఇది చెడ్డ సినిమా అనడం లేదు, బాగా తీసిన సినిమా. బాల్కనీలోకి వచ్చి చెయ్యెత్తే సుభాష్ నాగ్రే అనే ‘సర్కార్’, ఆ పాత్రలో సాసర్‌లో పోసుకుని టీ తాగే అమితాబ్, వెనక ‘‘గోవిందా గోవిందా’’ మంత్రం. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ సినిమాలో కెమెరా ఎక్కడుందో చూడండి. సర్కార్ కాళ్ళ దగ్గరుంది, ముఖానికి అతి దగ్గరగా ఉంది, టీ కప్పు పక్కనుంచి పైకి చూస్తోంది. భయపడేవాళ్ళు ఆయన ముందు నిలబడి వెళ్ళిపోతారు, కెమెరా వాళ్ళతో పాటు వెళ్ళదు, ఆయన దగ్గరే ఉండిపోతుంది. అంతకు ముందు భవానీని దూరం నుంచి, అతనికి భయపడేవాళ్ళ కళ్ళతో చూపించిన దర్శకుడే ఇతను. పదహారేళ్ళలో భయపడేవాడి పక్క నుంచి లేచి భయపెట్టేవాడి పక్కకు వెళ్ళి కూర్చున్నాడు.

అక్కడి నుంచి వర్మ సినిమాలు ఏవైనా తీయండి, నడిమధ్యలో ఒక భయపెట్టేవాడు ఉంటాడు, చుట్టూ వ్యాఖ్యానం ఉంటుంది. 2010 రక్తచరిత్రలో సీమ కథను రెండు భాగాలుగా తీశాడు. వివేక్ ఒబెరాయ్, సూర్య కష్టపడ్డారు. అనంతపురంలో పొద్దున ఇంటి తలుపు తీయడానికి జంకే మనిషి ఎలా బతికాడో ఆ రెండు భాగాల్లో నాకు కనబడలేదు. నరికేవాడి కళ్ళల్లో ఎరుపు మాత్రం బాగా కనబడింది. 2012 డిపార్ట్‌మెంట్‌కు వచ్చేసరికి చిన్న డిజిటల్ కెమెరాలు ఎక్కడ పడితే అక్కడికి వెళ్ళిపోయాయి. బల్ల కింద, గ్లాసు వెనక, చెయ్యి మీద. ఎక్కడైనా పెట్టొచ్చు అనుకున్నాక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎవరికి గుర్తుంటుంది? 2011లో దొంగల ముఠాను 5 రోజుల్లో తీసి చూపించాడు కూడా. 5 రోజుల్లో తీయొచ్చని నిరూపణ అయింది. ఎందుకు తీయాలన్నది అలాగే ఉండిపోయింది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా నా వాదనకే సాయం వస్తుంది. ముంబై దాడుల మీద 2013లో వచ్చిన 26/11 సినిమా మొదటి సగం. కేఫ్‌లో కూర్చున్నవాళ్ళు, స్టేషన్లో రైలు కోసం చూస్తున్నవాళ్ళు. వాళ్ళకేం జరగబోతోందో మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. అక్కడ చాలాసేపు పాత వర్మ కనబడ్డాడు. నానా పటేకర్ ఉపన్యాసం మొదలయ్యేదాకా. అంటే చెయ్యి పోలేదు. చూపు తిరిగిపోయింది.

సర్కార్ రాజ్, సర్కార్ 3 జంట గురించి అడిగారు. రాజ్ చూడొచ్చు, 3 అక్కర్లేదు. షోలే మళ్ళీ తీసిన 2007 ఆగ్ గురించి అందరూ ఇప్పటికే కావలసినంత తిట్టారు, నేనూ ఓ రాయి వేయడం ఎందుకు. వంగవీటి నుంచి వ్యూహం దాకా వచ్చిన నిజజీవితాల సినిమాలు పేపరు చదివినట్టుంటాయి. అదీ ఎవరి పేపరో తెలిసిపోయే పేపరు.

‘‘పక్కనున్నవాళ్ళు పోయారు’’ అనే వాదన

ఇది బలమైనదే. భరణి, సిరివెన్నెల, తేజ, కృష్ణవంశీ, అనురాగ్ కశ్యప్, జైదీప్ సాహ్ని... వర్మ దగ్గర పనిచేసినవాళ్ళ జాబితా రాస్తే అదే ఒక సినిమా చరిత్ర అవుతుంది. శిష్యులు ఒక్కొక్కరూ వెళ్ళి సొంతంగా తీసుకున్నారు, గురువు ఒంటరయ్యాడు, కాదనేవాళ్ళు లేకుండా పోయారు అంటారు. కొంత నిజం. సత్యలో ఆ మాటలు వర్మ ఒక్కడే రాయగలిగేవాడు కాదు.

కానీ ఇప్పుడు పైన గుర్తుపెట్టుకోమన్నది తీయండి. 2006 శివకు ఇళయరాజా ఉన్నాడు. ఆఫీసర్‌కు నాగార్జున ఉన్నాడు. సర్కార్ 3కి అమితాబ్ ఉన్నాడు. అవేవీ నిలబడలేదు. అటు భూత్‌ను దాదాపు అంతా కొత్త బృందంతో తీశాడు, నిలబడింది. మనుషులుంటే సరిపోయేటట్టయితే ఇలా జరగకూడదు. పక్కనున్నవాళ్ళు వెళ్ళిపోవడం వల్ల చూపు మారిందా, చూపు మారడం వల్ల వాళ్ళు వెళ్ళిపోయారా? నేను రెండోదానివైపు మొగ్గుతాను. వీడియో లైబ్రరీ కుర్రాడిగా అన్నపూర్ణ స్టూడియో మెట్లెక్కినవాడికి భయం అంటే ఏమిటో తెలుసు. ముంబైలో ‘ఫ్యాక్టరీ’ అని సొంత నిర్మాణ సంస్థ పెట్టి ఏడాదికి ఐదారు సినిమాలు వదిలే స్థాయికి వచ్చినవాడి ఎదురుగా జనం భయపడుతూ నిలబడతారు. అతనికి కనబడే ముఖాలు మారిపోతాయి. ఇది వర్మ మనసులో దూరి చెప్పడం కాదు, సినిమాల్లో కెమెరా చెబుతున్నదే.

ఇప్పుడేమిటి?

2025 జనవరిలో సత్య మళ్ళీ విడుదలైనప్పుడు వర్మ పెద్ద ఉత్తరమే రాశాడు. 27 ఏళ్ళ తర్వాత సత్య చూసి ఏడ్చానని, ఆ ఏడుపు సినిమా కోసం కాదు, ఆ తర్వాత తను తయారైన తీరు కోసమని, విజయం మత్తులో దారి తప్పానని, ఇకమీదట తీసేవి అసలు దర్శకుడు ఎందుకవ్వాలనుకున్నానో దాన్ని గౌరవిస్తూ తీస్తానని. సిండికేట్ అనే సినిమా కూడా వెంటనే ప్రకటించాడు. ఆ ఉత్తరం చదివి పాత అభిమానులు కరిగిపోయారు. నేను సగం కరిగాను. మిగతా సగం సిండికేట్ ప్రకటన చదివాక గట్టిపడింది. దేశాన్నే వణికించే భయంకరమైన సంస్థ గురించి అట. భయపెట్టేవాళ్ళ గురించి. మళ్ళీ అదే కుర్చీ! తర్వాత మనోజ్ బాజ్‌పేయితో ‘పోలీస్ స్టేషన్ మే భూత్’ ప్రకటించాడు. పేరు చూస్తే పాత సామాన్లు రెండు కలిపి కట్టినట్టుంది గానీ, ఆలోచనలో మాత్రం నాకు ఆశ ఉంది. భయం వేస్తే జనం పరిగెత్తేది పోలీస్ స్టేషనుకు. పోలీసుకే భయమేస్తే ఎక్కడికి పోతాడు? 2006 శివలో యూనిఫాం తీసేసిన భయాన్ని ఇక్కడ యూనిఫాం లోపలే పెట్టే వీలుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎలా చూడాలని అడుగుతున్నారు కాబట్టి నా వరస ఇది. మొదట క్షణ క్షణం, ఇంట్లో అందరితో. తర్వాత శివ, తెలుగుదే. తర్వాత సత్య, హిందీలోనే, డబ్బింగులో కాదు. భూత్ రాత్రిపూట. అప్పటికీ వర్మ మీద మోజు తీరకపోతే 2002 కంపెనీ ఉంది, అందులో పోలీసు అధికారిగా మోహన్‌లాల్ కోసమైనా చూడాలి. సర్కార్ ఆఖర్న పెట్టుకోండి. ముందే చూస్తే వర్మ అంటే అదేననుకుంటారు. 2006 శివ జోలికి వెళ్ళొద్దు. పోల్చి చూడాలన్న దురద నాలాంటి వాళ్ళకుంటే మాత్రం, 1989 శివ చూసిన వారం లోపల చూడండి, తేడా తెలియడానికి మొదటి అరగంట చాలు.